జూన్ లెక్కలోకి ఎక్కి, శ్రావణంలో రోడ్డెక్కిన కారు

ప్రశ్న: "కొత్త కార్ల రిజిస్ట్రేషన్లు పెరిగాయని నెలనెలా వార్తలు వస్తున్నాయి. అంటే కార్ల మార్కెట్ బాగున్నట్టేనా? జనం చేతిలో డబ్బు ఆడుతున్నట్టేనా?"

నెల్లూరు మినీ బైపాస్‌లో నాకు కారు డెకార్ షాపు ఉంది. సీట్ కవర్లు, ఫ్లోర్ మ్యాట్లు, అండర్ కోటింగ్, రివర్స్ కెమెరా, అన్నీ వేస్తాం. కొత్త కారు రోడ్డెక్కిన వారంలోపే నా దగ్గరికో, నాలాంటి ఇంకొకడి దగ్గరికో వచ్చి తీరుతుంది. అందుకే ఈ విషయంలో టీవీలో కూర్చుని గ్రాఫులు చూపించేవాళ్లకంటే నాకే ఎక్కువ తెలుసని నా గట్టి నమ్మకం. రిజిస్ట్రేషన్ అంకెలు మా షాపు ముందు ఆగే కార్లతో ఏనాడూ కలవవు. ఎందుకు కలవవో మా మామ కారు కథ వింటే మీకే తెలుస్తుంది.

మా మామది టంగుటూరు దగ్గర పల్లె. పొగాకు రైతు. 2024లో పొగాకు వేలంలో రేటు కిలో మూడు వందలు దాటింది. పొగాకు ఆకు ఆరబెట్టే బ్యారన్ ఉన్న ప్రతి ఇంట్లోనూ ఆ ఏడాది ఏదో ఒకటి కొన్నారు. స్థలమో, బంగారమో, కారో. మామకి కారు మీదికి మనసు పోయింది. సగం చేతి డబ్బు, సగం లోను. "నువ్వు కార్ల మధ్యనే బతుకుతావు గదా, నువ్వు రా" అని నన్ను వెంటబెట్టుకుని షోరూంకి వచ్చాడు. ఏ షోరూమో చెప్పను, నేను ఇంకా ఇదే ఊళ్లో వ్యాపారం చేసుకోవాలి.

అది జూన్ నెలాఖరు. సేల్స్ కుర్రాడు మర్యాదస్తుడే, కానీ మొహంలో టెన్షన్ దాగట్లేదు. "సార్, ఈ నెలలోపు రిజిస్ట్రేషన్ అయిపోతే డెబ్బై వేలు తగ్గుతుంది. జులైలోకి పోతే నా చేతుల్లో ఉండదు" అన్నాడు. మామ నా వైపు చూశాడు. "మూఢంలో బండి ఎట్టా తీసుకుంటాంరా అల్లుడా? మూఢం పోంగానే ఆషాఢం. శ్రావణం దాకా ఆగాల్సిందే" అన్నాడు. నిజమే, ఆ ఏడాది ఏప్రిల్ చివర మొదలైన మూఢం, దాని వెనకే ఆషాఢం, ఆగస్టు మొదటివారం దాకా ముహూర్తాలే లేవు. పెళ్లిళ్లకే దిక్కు లేనప్పుడు కార్లెవరు కొంటారు?

కుర్రాడు లోపలికెళ్లి మేనేజర్ని తీసుకొచ్చాడు. ఆయన పాతకాపు. "కాగితానికి మూఢం ఏముంది సార్? చక్రం కదలకూడదు, అంతేగా! రిజిస్ట్రేషన్ ఇప్పుడు చేయించేస్తాం. బండి మా యార్డులోనే ఉంటుంది. శ్రావణంలో మంచిరోజు చూసుకుని తీసుకెళ్లండి" అన్నాడు. మామ అక్కడే నిలబడి పంతులుగారికి ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టాడు కాబట్టి షోరూం అంతా విన్నది. "సంతకాలు పెట్టుకోండి, పర్లేదు. తాళం మాత్రం ముట్టుకోవద్దు" అని తీర్పు వచ్చింది.

సంతకాలు పెట్టాడు, డబ్బు కట్టాడు. ఇంతలో ఇంకో అమ్మాయి ఫొటో కోసమని మనిషెత్తు అట్ట తాళం పట్టుకొచ్చింది. మామ రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. "అట్టదైనా తాళమేనమ్మా" అన్నాడు. చివరికి ఆ తాళం నా చేతికిచ్చి, మామ పక్కన నిలబడితే ఫొటో తీశారు. ఆ ఫొటో వాళ్ల ఫేస్‌బుక్ పేజీలో ఇప్పటికీ ఉంది, కారు ఓనర్ నేనే అనుకుంటారు చూసినోళ్లు.

లైఫ్ ట్యాక్స్ కట్టేశారు, నంబరొచ్చింది, ఇన్సూరెన్స్ మొదలైంది. బండ్ల రిజిస్ట్రేషన్లు ఎక్కే సర్కారు వెబ్‌సైట్ వాహన్ పోర్టల్‌లో ఆ నెల ఆ కారు ఒక అమ్మకంగా ఎక్కేసింది. బండి మాత్రం యార్డులో టార్పాలిన్ కింద ఉంది. జులైలో మొదటి కంతు తెగ్గానే ఫోన్: "ఎక్కని కారుకి కంతు కడతన్నాం గదరా!" ఓసారి పనిమీద అటు వెళ్లి యార్డులో తొంగిచూశాను. మామ కారు పక్కన అట్టాంటివే వరసగా ఉన్నాయి. నంబరు ప్లేట్లు బిగించి, దుమ్ము కొట్టుకుని. "ఇవన్నీ అమ్ముడుపోయినవే సార్, ఆషాఢం అవ్వాల" అన్నాడు వాచ్‌మన్. శ్రావణంలో డెలివరీ రోజు బ్యాటరీ దిగిపోయి ఇంకో కారుతో జంప్ ఇచ్చి స్టార్ట్ చేయాల్సొచ్చింది. శుక్రవారమే తీసుకుంటానని మామ పట్టుబట్టింది ఎందుకంటే, తెల్లారి మాలకొండలో పూజ. మాలకొండ నరసింహస్వామి గుడి శనివారం ఒక్కరోజే తెరుస్తారు కదా. శ్రావణ శనివారం ఆ కొండ దగ్గర కారు పెట్టుకోను చోటు దొరకడం వేరే కథ. సోమవారం నా షాపుకొచ్చి సీట్ కవర్ల దగ్గర బేరమాడాడు. షోరూంలో డెబ్బై వేలకి సంబరపడిన మనిషి నా దగ్గర మూడొందలకి పేచీ పెట్టాడు!

ఇప్పుడు చెప్పండి, ఆ కారు ఏ నెల అమ్మకం?

పేపర్లో వచ్చే అంకెలు ఒక్క చోటు నుంచి రావు, ఇది చాలామందికి తెలీదు. సియామ్, అంటే బండ్లు తయారుచేసే కంపెనీల సంఘం, చెప్పేది కంపెనీలు డీలర్లకి పంపిన కార్ల లెక్క. ఫాడా, అంటే డీలర్ల సంఘం, చెప్పేది రిజిస్ట్రేషన్ల లెక్క. 2024-25లో సియామ్ లెక్క సుమారు 43 లక్షలు, ఫాడా లెక్క 41.5 లక్షలు. ఫాడా లెక్కలో తెలంగాణ లేదు, అక్కడి రిజిస్ట్రేషన్లు చాలాకాలం వాహన్‌లో చేరలేదు. కాబట్టి ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేసి "ఇన్ని కార్లు మిగిలిపోయాయి" అని చెప్పడం కూడా తప్పే. యూట్యూబ్‌లో అదే చేస్తుంటారు. మిగిలిన సరుకు గురించి ఫాడా విడిగా చెబుతుంది: 2024 సెప్టెంబరులో డీలర్ల దగ్గర 80 నుంచి 85 రోజులకు సరిపడా స్టాకు, 7.9 లక్షల కార్లు, 79 వేల కోట్ల సరుకు. మూఢం, ఆషాఢం పోయాక కూడా అంత సరుకు గోడౌన్లలో ఉందంటే, జూన్‌లో మా మామ వెంట ఎందుకు పడ్డారో అర్థమవుతుంది. నన్నడిగితే రిజిస్ట్రేషన్ అంకె కంటే ఈ స్టాకు రోజుల అంకె పది రెట్లు నిజం చెబుతుంది.

2025లో ఇంకో తమాషా. ఆగస్టు 15న జీఎస్టీ తగ్గిస్తామని ప్రకటన వచ్చింది, తగ్గింది సెప్టెంబరు 22న. ఆ మధ్యలో నా షాపులో ఈగలు తోలుకున్నాం. చిన్న కార్ల మీద 28 శాతం, పైన సెస్సు పోయి 18 శాతం అవుతుంటే ఎవడు కొంటాడు? 22నే దసరా నవరాత్రులు మొదలు. ఇక చూడాలి, కుర్రాళ్లకి అన్నం తినే టైం లేదు. అప్పుడు టీవీల్లో "రికార్డు" అన్నారు. ఆగినవాళ్లంతా ఒక్కసారి వచ్చారు, అంతే.

జిల్లాల వారీ లెక్కలైతే అసలు నమ్మను. ఇదివరకు ఏపీ 26 అంటే నెల్లూరు, 27 అంటే ప్రకాశం. 2019లో కొత్త బండ్లన్నిటికీ రాష్ట్రమంతా 39 చేశాక ఎదురుగా వచ్చే బండి ఎక్కడిదో తెలియకుండా పోయింది. ఇది నాకు పర్సనల్‌గా బాధ, హైవే మీద 26 కనపడితే మనోడే అనుకుని చెయ్యి ఊపేవాణ్ని. ఇది చాలదన్నట్టు నా షాపుకొచ్చే బండ్లలో తమిళనాడు, కర్ణాటక నంబర్లు ఎన్నో. కొడుకు బెంగళూరులో కొంటాడు, నాన్న ఇక్కడ స్టోన్‌హౌస్‌పేట సందుల్లో తిప్పుతాడు. ఏడాది దాటితే ఇక్కడికి మార్చుకుని ట్యాక్స్ కట్టాలి. కట్టేదెంతమందో నన్నడక్కండి. లెక్కలో అది బెంగళూరు కారే. ఆ సందుల్లోకి అంత పెద్ద ఎస్‌యూవీలెందుకో కూడా అర్థం కాదు. దేశంలో అమ్మే కార్లలో సగానికి పైగా ఇప్పుడవే. వాన పడితే మాగుంట లేఅవుట్ అండర్ బ్రిడ్జి కింద అవీ ఆగిపోతాయి, మారుతీ 800 కూడా ఆగిపోతుంది.

ఇక జనం చేతిలో డబ్బు సంగతి. కొత్త రిజిస్ట్రేషన్లలో సెకండ్ హ్యాండ్ కారు కనపడదు. దేశంలో కొత్త కార్లకంటే చేతులు మారే పాత కార్లే ఎక్కువ. నా షాపులో ఇదివరకు చిన్న కారుకి మ్యాట్లు వేయించుకునే మాస్టర్లు, చిన్న వ్యాపారులు ఇప్పుడు ఐదేళ్ల పాత కారుకి కొత్త కవర్లు వేయించుకుంటున్నారు. కొత్త కారు కొనేవాళ్లలో చాలామందిది లోనే, ఏడేళ్ల దాకా కంతులు పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. ఏడేళ్ల కంతుల్ని డబ్బు ఆడటం అంటారా? నేననను.

మీరు కొనాలనుకుంటే రిజిస్ట్రేషన్ల వార్త చదివి తొందరపడకండి. నెలాఖరున, ముఖ్యంగా మూఢంలో, ఆషాఢంలో వెళ్లి అడగండి, బేరం మీ చేతిలో ఉంటుంది. ఆర్సీలో తయారైన నెల చూడండి. ఓనర్ నంబరు 1 అని ఉందో 2 అని ఉందో చూడండి. లెక్క చూపించడానికి షోరూం పేరుమీదే రిజిస్టర్ చేసిన బండిని "ఊరికే డెమోకి తిప్పాం సార్" అని కొత్తదాని కింద అంటగట్టేవాళ్లూ ఉన్నారు. హ్యాండ్లింగ్ ఛార్జీలని రాస్తే కొట్టేయమనండి. ఇన్సూరెన్స్ బయట రేటు కనుక్కుని వెళ్లండి. సీట్ కవర్లు మాత్రం షోరూంలో వేయించుకోకండి, రెట్టింపు తీసుకుంటారు.