కరెంట్ రేషియో 2.1 ఉన్న బిల్డర్ దగ్గర ఫ్లాట్ బుక్ చేసుకోవచ్చా?

భోగాపురం వైపు అపార్ట్‌మెంట్లు కడుతున్న కంపెనీకి కరెంట్ రేషియో 2.1 ఉంది, రెండు దాటితే భయం లేదంటారు కదా అని అడిగారు. కరెంట్ రేషియో అంటే త్వరలో డబ్బయ్యే ఆస్తుల్ని (కరెంట్ ఆస్తులు) త్వరలో కట్టాల్సిన బాకీలతో (కరెంట్ బాకీలు) భాగిస్తే వచ్చే అంకె. కిరాణా హోల్‌సేల్ వ్యాపారికైతే ఆ లెక్క చెల్లుతుంది. ఇళ్లు కట్టే కంపెనీకి ఆ ఒక్క అంకె చూసి బుకింగ్ సొమ్ము కట్టకండి.

చిక్కంతా స్థలంతోనే. ఏడాదిలోపు డబ్బయ్యేదే కరెంట్ ఆస్తి అనుకుంటాం. కానీ కంపెనీల చట్టం షెడ్యూల్ 3 ప్రకారం వ్యాపార చక్రం (సరుకు కొన్న దగ్గర్నుంచి డబ్బు చేతికొచ్చేదాకా పట్టే కాలం) ఎంత పొడవుంటే అంతవరకూ కరెంట్ కిందే చూపించవచ్చు. బిల్డర్లకు అది మూడు నాలుగేళ్లు కూడా ఉంటుంది. అందుకే పునాది కూడా తియ్యని స్థలం, సగం లేచిన బ్లాకులు అన్నీ కరెంట్ ఆస్తుల్లోకి చేరతాయి. బ్యాంకు కిస్తీ అన్నేళ్లు ఆగదు కదా.

ఒక ఊహా లెక్క చూడండి. కరెంట్ ఆస్తులు 84 కోట్లు: స్థలం, జరుగుతున్న పని 60, అమ్ముడుపోని పూర్తయిన ఫ్లాట్లు 9, కొన్నవాళ్ల నుంచి రావాల్సినవి 7, భూయజమానులకిచ్చిన అడ్వాన్సులు 5, నగదు 3. కరెంట్ బాకీలు 40 కోట్లు: ఏడాదిలో కట్టాల్సిన బ్యాంకు అప్పు 8, సిమెంటు, ఇనుము, కాంట్రాక్టర్ల బిల్లులు 9, బుకింగ్ అడ్వాన్సులు 18, పన్నులు, వడ్డీ 5. రేషియో 2.1.

ఇప్పుడు బాకీల్లోంచి బుకింగ్ అడ్వాన్సులు తీసెయ్యండి. అవి ఫ్లాటు అప్పగిస్తే తీరేవి, నగదు ఇవ్వక్కర్లేదు. మిగిలేది 22. ఆస్తుల్లో స్థలం, కడుతున్న పని, భూయజమానుల అడ్వాన్సులు వదిలెయ్యండి. నగదు మూడులో రెండు రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) ఖాతాలో ఉందనుకుంటే మిగిలేది ఒకటే. కొన్నవాళ్ల నుంచి రావాల్సిన 7లో నికరంగా వచ్చేవి 5, పూర్తయిన ఫ్లాట్లలో సగం అమ్ముడవుతాయనుకుంటే 4.5. మొత్తం 10.5. ఇరవై రెండుతో భాగిస్తే 0.48. అంటే కొత్త బుకింగులు గానీ కొత్త అప్పు గానీ రాకపోతే ఈ ఏడాది గడవదు. ఆ కొత్త బుకింగు మీదే కావచ్చు.

రెరా ఖాతా సంగతి: వసూళ్లలో 70 శాతం అందులో వేయాలి, ఆ ప్రాజెక్టు స్థలానికీ కట్టుబడికీ తప్ప తియ్యకూడదు. అందుకని ఆ రెండు కోట్లను ఆ సైటు బిల్లులకు లెక్కేసుకోవచ్చు, వేరే ప్రాజెక్టు అప్పుకి కాదు.

అడ్వాన్సులు తీసెయ్యమన్నాను గానీ, గడువు దాటితే కథ మారుతుంది. రెరా చట్టం సెక్షన్ 18 కింద కొన్నవాళ్లు వడ్డీతో వెనక్కి అడగొచ్చు. అప్పుడా 18 కోట్లూ నగదు బాకీలే. కాబట్టి రెరా సైట్‌లో పూర్తి చేస్తామన్న తేదీ, మూడు నెలలకోసారి పెట్టాల్సిన పురోగతి వివరాలు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

మార్చి 31 నాటి అంకెను మరీ నమ్మకండి. పై లెక్కలోనే నెలాఖరుకి పది కోట్ల దీర్ఘకాలిక అప్పు తెచ్చి బిల్లులూ ఇతర బాకీలూ పది కట్టేస్తే 84ని 30తో భాగించాలి, రేషియో 2.8. కంపెనీ మాత్రం బాగుపడలేదు, అప్పు చోటు మారిందంతే. రేషియో 25 శాతానికి మించి మారితే కారణం బ్యాలెన్స్ షీట్‌తో వచ్చే నోట్స్‌లో రాయాలి, అది తప్పక చదవండి.

కంపెనీ అయితే ఎంసీఏ (కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ) పోర్టల్‌లో వంద రూపాయలు కట్టి బ్యాలెన్స్ షీట్ చూడొచ్చు, తాకట్ల జాబితా కూడా ఉంటుంది. విజయనగరం, శ్రీకాకుళంలో భాగస్వామ్య సంస్థగా నడిపే బిల్డరైతే అక్కడ దొరకదు, ఆడిట్ అయిన లెక్కలు వాళ్లనే అడగాలి. సర్వే నంబర్లు తీసుకుని ఈసీ (ఆ స్థలం మీద జరిగిన లావాదేవీల, తాకట్ల పత్రం), 22-ఏ నిషేధిత జాబితా (రిజిస్ట్రేషన్ చెయ్యకూడని భూములది) చూడండి. డి-పట్టా (ప్రభుత్వం పేదలకిచ్చిన) భూమిగా ఆ జాబితాలో ఉంటే రిజిస్ట్రేషనే జరగదు; ఆ స్థలాన్ని బ్యాలెన్స్ షీట్‌లో ఎంతకి చూపినా మీ లెక్కలో సున్నా వేసుకోండి.