కడుపు నిండా పచ్చిక మేసిన ఆవు పొద్దున్నే చచ్చి పడుంది, ఎందుకని?

ప్రశ్న: నమస్కారం సార్. మాది ఖమ్మం జిల్లా. ఏడాదిన్నరగా ఐర్లండ్‌లోని కౌంటీ కార్క్‌లో ఒక పాడి ఫారంలో పని చేస్తున్నాను. 140 ఆవులు, ఫిబ్రవరి నుంచి వరసగా ఈనాయి. ఏప్రిల్‌లో పచ్చిక బాగా లేచిందని దాణా రోజుకి 4 కిలోల నుంచి ఒక కిలోకి తగ్గించాం. అలా తగ్గించిన ఐదో రాత్రి ఒకటే గాలి, వాన. పొద్దున పాలకి తోలుకురావడానికి వెళ్తే ఐదో ఈత ఆవు ఒకటి చచ్చి పడుంది. నోట్లో నురగ, కాళ్ళు కొట్టుకున్న చోట మట్టి గీరుకుపోయి ఉంది. ఈని ఏడు వారాలైంది, పాలూ బాగా ఇచ్చేది. మర్నాడు ఇంకో ఆవు పాలు పితికే పార్లర్‌లో వణుకుతూ, పాల మెషీన్ తగిలిస్తే తన్నేసింది. డాక్టర్ వచ్చి దాన్ని బతికించారు. మా యజమాని ‘గ్రాస్ టెటనీ’ అంటున్నాడు. అంటే ధనుర్వాతమా? టీకా వేయించాలా? ఇంత గడ్డి తింటున్న ఆవుకి లోపం ఏంటి సార్? ఇంటి దగ్గర మావాళ్ళకి మూడు గేదెలున్నాయి, వాటికీ వస్తుందా?

జవాబు: ధనుర్వాతం కాదు. పేరు దగ్గరగా ఉండడంతో చాలామంది అలాగే అనుకుంటారు. ధనుర్వాతం గాయంలోంచి పోయే సూక్ష్మజీవి వల్ల వస్తుంది, దానికి టీకా ఉంది. ఇది రక్తంలో మెగ్నీషియం పడిపోవడం. దీనికి టీకా లేదు, ఒక ఆవు నుంచి ఇంకో ఆవుకి అంటుకోదు. ఒకే వారంలో రెండు ఆవులకి రావడానికి కారణం, మందంతా ఒకే మేత మీద ఉండడం. అంటే మిగతా 139 కూడా అంచు మీదే ఉన్నాయని అనుకోండి.

మీ ఉత్తరంలో నాకు ముందు కనబడింది గాలీ వానా కాదు, ఆ దాణా లెక్క. ఐర్లండ్ పాడి అంతా పచ్చిక చుట్టూ తిరుగుతుంది. గడ్డి పెరిగే కాలానికి పాలు అందేలా మందనంతా ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఈనేలా చూసుకుంటారు. మార్చి 1 నాటికి పొలంలో 30 శాతం, సెయింట్ పాట్రిక్స్ డే అంటే మార్చి 17 నాటికి 66 శాతం మేపి, ఏప్రిల్ మొదట్లో రెండో చుట్టు మొదలుపెట్టాలని వాళ్ళకో లెక్క ఉంది. ఆ తర్వాత వాళ్ళు ‘మ్యాజిక్ డే’ అనే రోజు వస్తుంది. మంద ఒక రోజులో తినే గడ్డి, పొలంలో ఒక రోజులో పెరిగే గడ్డి సమానమయ్యే రోజు అది. ఆ రోజు కోసం చలికాలమంతా ఎదురుచూసిన రైతు దాణా తగ్గిస్తాడు. తగ్గించాలి కూడా, ఖర్చు కలిసొస్తుంది. అయితే ఆ దాణా గుళికల్లోనే మెగ్నీషియం కలిపి ఉంటుంది. దాణాకి కోత పెట్టిన రోజే మెగ్నీషియానికీ కోత పడింది.

లెక్క చూడండి. పాలిచ్చే ఆవుకి ఈ కాలంలో రోజుకి 60 గ్రాముల కాల్సైన్డ్ మ్యాగ్నసైట్, అంటే మెగ్నీషియం కోసం కలిపే ఖనిజ పొడి అందాలి. ఫారంలో మీరు కాల్‌మ్యాగ్ అని వింటుంటారు. రోజుకి 3 కిలోలు పెడతారని తయారుచేసిన దాణా అయితే కిలోకి 20 గ్రాములు కలిపి ఉంటారు. అదే దాణా ఒక కిలో పెడితే ఆవుకి అందేది 20 గ్రాములు, అంటే మూడో వంతు. అందుకే ఇవాళ మీరు చేయాల్సిన మొదటి పని దాణా బిన్ దగ్గరికెళ్ళి లేబుల్ చదవడం. రోజుకి ఎన్ని కిలోలు పెడితే సరైన మోతాదు అందుతుందో దాని మీద రాసి ఉంటుంది. ఒక కిలోకే పూర్తి మోతాదు అందేలా ఎక్కువ మెగ్నీషియం కలిపిన రకం మిల్లులో దొరుకుతుంది. అది వచ్చేదాకా పాత దాణానే లేబుల్ చెప్పినంత పెట్టండి. నాలుగు రోజుల దాణా ఖర్చు ఒక ఆవు ఖరీదు ముందు ఏపాటిది?

ఇంత గడ్డి తింటుంటే లోపమేంటి అన్నారు. కాల్షియం తగ్గితే ఆవు ఎముకల్లోంచి తీసి రక్తంలోకి పంపుకోగలదు. మెగ్నీషియం కూడా ఎముకల్లో 170 గ్రాముల దాకా ఉంటుంది కానీ, అవసరం పడిన పూట బయటికి రాదు, తాళం పోయిన బీరువాలో బంగారం లాగా. కణాల బయట ఒంటి ద్రవాలన్నిటిలో కలిపి తిరిగేది 3 గ్రాములకి అటూ ఇటూ. లీటరు పాలల్లో 0.12 గ్రాము పోతుంది. అంటే 25 లీటర్లిచ్చే ఆవు ఒంట్లో తిరిగే మెగ్నీషియం అంతటినీ ఒక్క రోజు పాలలోనే ఇచ్చేస్తోంది. ఏ రోజుది ఆ రోజు మేతలోంచి రావాల్సిందే. రెండు మూడు రోజులు అందకపోతే చాలు. ముసలి ఆవులకి ఆ బీరువా ఇంకా బిగుసుకుపోతుంది. మీకు పోయింది ఐదో ఈత ఆవు కావడం యాదృచ్ఛికం కాదు.

లేత పచ్చికలో మెగ్నీషియం తక్కువ. ఎండు పదార్థంలో 0.2 శాతం కన్నా తగ్గితే ప్రమాదమే. ఉన్నది కూడా ఒంటికి పట్టదు. మెగ్నీషియం పట్టేది పొట్ట మొదటి అరలో, అంటే రూమెన్ గోడల ద్వారా. గడ్డిలో పొటాషియం ఎక్కువైతే ఆ దారి మూసుకుపోతుంది. యూరియా జోరు మీద పెరిగిన గడ్డిలో నత్రజని ఎక్కువ, అదీ అడ్డమే. నీళ్ళ గడ్డి కాబట్టి పొట్టలోంచి తొందరగా జారిపోతుంది కూడా. వీటికి తోడు ఆ రాత్రి గాలివాన. చలిలో ఆవులు కంచె వారకి చేరి మేత మానేస్తాయి, ఒంట్లో కొవ్వు కరిగించుకుంటాయి. అప్పుడు రక్తంలో మిగిలిన కాస్త మెగ్నీషియం కూడా కణాల్లోకి వెళ్ళిపోతుంది. వానని నిందించడం తేలిక. అప్పటికే మెగ్నీషియం అడుగంటిన మంద మీద ఆఖరి దెబ్బ మాత్రం వానది.

స్లర్రీ సంగతి మీరు రాయలేదు, మీ యజమానిని అడగండి. పేడ, మూత్రం కలిసిన స్లర్రీలో పొటాషియం బాగా ఉంటుంది. మేపబోయే పాడాక్‌లకి, అంటే కంచె వేసిన మేత మడులకి ఈ కాలంలో అది, పొటాష్ ఎరువు వేయకుండా, సైలేజీ (పాతర గడ్డి) కోసే మడులకి మళ్ళించమనండి.

ఇక మిగతా పద్ధతులు. దాణాకే నా ఓటు, ఎందుకంటే పార్లర్‌లోకి వచ్చిన ప్రతి ఆవూ తన వాటా తింటుంది. లిక్ బకెట్లు, అంటే ఆవులు నాకే మెగ్నీషియం బకెట్లు పెట్టేసి నిశ్చింతగా ఉండడం నాకు నచ్చదు. బలమైన ఆవులు నాకుతూ నిలబడతాయి, అవసరమున్న ఆవు దూరంగా చూస్తూ ఉంటుంది. నీళ్ళ తొట్లలో కరిగే మెగ్నీషియం కలపడం మంచిదే, కానీ వాన తడి గడ్డి మేసిన ఆవు తొట్టి దగ్గరికి సరిగ్గా రాదు. పాడాక్ పక్కన కాలువ ఉంటే అసలే రాదు. ఆ వైపు కంచె వేస్తేనే ఈ పద్ధతికి అర్థం. గడ్డి మీద కాల్‌మ్యాగ్ పొడి చల్లడమూ ఉంది. జోరు వానకి కొట్టుకుపోతుంది కాబట్టి మళ్ళీ చల్లాలి. కొత్త దాణా వచ్చేలోపు రెండు మూడు రోజులకి పనికొస్తుంది. మరోమాట, పాలివ్వని ఆవులు, పెయ్యలు పార్లర్‌కి రావు కదా, వాటికి మెగ్నీషియం ఎలా అందుతోందో విడిగా చూసుకోండి.

మీ కళ్ళు చేయాల్సిన పని ఇంకోటి ఉంది. ఈ జబ్బు చాలాసార్లు పడిపోవడంతో మొదలవదు. అంతకుముందే ఆవు మంద నుంచి విడిగా నిలబడుతుంది. తల పైకెత్తి, చెవులు నిక్కబొడుచుకుని, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడుతుంది. చెవి, కనురెప్ప అదురుతుంటాయి. నడక కర్రల మీద నడిచినట్టు బిగుసుగా ఉంటుంది. రోజూ సాధువుగా పాలిచ్చే ఆవు తన్నిందంటే దానికి పొగరెక్కిందనుకోకండి. పాలజ్వరం దీనికి రివర్స్. అది ఎక్కువగా ఈనిన మూడు రోజుల్లోపే వస్తుంది. ఆవు మెత్తగా కూలబడి, మెడ పక్కకి తిప్పుకుని, చెవులు చల్లబడి మత్తుగా ఉంటుంది. ఏడు వారాల ఆవు కొట్టుకుంటోందంటే ముందు అనుమానించాల్సింది మెగ్నీషియాన్నే.

అలాంటి ఆవు కనబడితే మొదట డాక్టర్‌కి ఫోన్, తర్వాత యజమానికి. ఈలోగా కుక్కని దూరంగా కట్టేయండి, క్వాడ్ బైక్ ఇంజన్ ఆపండి, లేపడానికి ప్రయత్నించకండి. చప్పుడే దానికి మళ్ళీ ఫిట్స్ తెప్పిస్తుంది. 25 శాతం మెగ్నీషియం సల్ఫేట్ 400 మిల్లీలీటర్ల బాటిల్ ఫారంలో సిద్ధంగా ఉండాలి. అది చర్మం కింద రెండు మూడు చోట్ల ఎక్కించాలి. ఎలాగో ఇప్పుడే, తీరిక ఉన్నప్పుడే డాక్టర్ దగ్గర నేర్చుకోండి. నరంలోకి మాత్రం మీరు ఎక్కించవద్దు. మెగ్నీషియం ఒక్కసారిగా గుండెకి చేరితే గుండె ఆగిపోతుంది. నరంలో ఇవ్వాల్సిందేదైనా డాక్టరే ఇవ్వాలి. సూదితో లేచిన ఆవు మళ్ళీ పడిపోవడం మామూలే కాబట్టి తర్వాతి రోజుల్లో నోటి ద్వారా మెగ్నీషియం తప్పకుండా అందాలి.

ఇంకో ఆవు పోకూడదనే నా ఆశ. పోతే మాత్రం చచ్చిన పశువుల్ని తీసుకెళ్ళే నాకరీ వాళ్ళ బండి వచ్చి తీసుకెళ్ళేలోపు డాక్టర్‌ని కంటి ద్రవం శాంపిల్ తీయమనండి. చనిపోయి 24 గంటలు దాటకపోతే అందులో మెగ్నీషియం ఎంతుందో తేలుతుంది. బతికున్న ఆవుల్లో ఓ ఏడెనిమిదింటి రక్తం పరీక్ష చేయించడం అంతకన్నా ముందు చేయాల్సిన పని. మళ్ళీ శరదృతువులో లేత గడ్డి లేచినప్పుడు ఇదే పరిస్థితి రావొచ్చు, లేబుల్ అప్పుడూ చదవండి.

మీ ఇంటి గేదెల గురించి పెద్దగా టెన్షన్ పడక్కర్లేదు. అవి లేత పచ్చిక ఒక్కటే తిని బతకడం లేదు కదా. తవుడులో మెగ్నీషియం పుష్కలంగా ఉంటుంది. దాణాలో తవుడు పెడుతున్నారంటే ఆ మేరకి రక్షణ ఉన్నట్టే. రోజుకి 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం కలపమని నాన్నగారికి ఫోన్‌లో చెప్పండి. మన దగ్గర పాలిచ్చే గేదె ఈనిన వారంలో కూలబడితే ఎక్కువగా అది పాలజ్వరమే, దానికి వెంటనే పశువుల ఆసుపత్రికి కబురు పెట్టాలి.