ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) చదివితే తిరుపతిలో ఉద్యోగం దొరుకుతుందా?

ప్రశ్న: ఎంపీహెచ్ పూర్తయింది. అమ్మానాన్న ఇక్కడే ఉండమంటున్నారు. హైదరాబాద్ వెళ్లక తప్పదేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఓ పాఠకురాలు, శ్రీకాళహస్తి

జవాబు: అప్పుడే పెట్టె సర్దకండమ్మా. 2022 ఏప్రిల్‌లో తిరుపతి వేరే జిల్లా అయింది కాబట్టి ఇక్కడి జిల్లా వైద్యారోగ్య అధికారి (డీఎంహెచ్‌వో) ఆఫీసుతో పాటు చిత్తూరు ఆఫీసు ప్రకటనలూ చూస్తుండండి. జాతీయ ఆరోగ్య మిషన్ పోస్టులు చాలావరకు కాంట్రాక్టువే, జీతం చూస్తే నిరుత్సాహం కలగొచ్చు, కానీ ఆశా కార్యకర్తతో కలిసి వెళ్లి, బీపీ మాత్రలు మధ్యలో మానేసిన పెద్దాయన అరుగు మీద కూర్చుని ఆయన్ని ఒప్పించడం ఏ క్లాసులోనూ రాదు. తిరుపతిలోని స్విమ్స్ ఆసుపత్రి, ఎస్వీ మెడికల్ కాలేజీల్లో పరిశోధన ప్రాజెక్టుల గురించీ అడగండి. పాలసీ ఉద్యోగాలు మాత్రం విజయవాడ, మంగళగిరి వైపే. తమిళం వస్తే వెల్లూరు సీఎంసీ ఆసుపత్రి కూడా దగ్గరే.