స్టాటిక్ రూట్ పొద్దున పనిచేసి సాయంత్రానికి ఎందుకు పోతోంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. కాజీపేటలో మీది రెండంతస్తుల ఇల్లు. కింద ఫైబర్ బాక్స్, దాని అడ్రస్ 192.168.1.1. పైన మీరు కొన్న రౌటర్. కింది బాక్స్ దానికి ఇచ్చిన ఐపీ (నెట్‌వర్క్ అడ్రస్) 192.168.1.7, పై అంతస్తు నెట్‌వర్క్ 192.168.2.0. సీసీ కెమెరాల రికార్డర్ పైన ఉంది, దాన్ని మీ నాన్న కింద దుకాణంలోని కంప్యూటర్‌లో చూడాలి. అందుకని కింది బాక్స్‌లో 192.168.2.0కి 192.168.1.7 మీదుగా పొమ్మని స్టాటిక్ రూట్, అంటే చేత్తో రాసి పెట్టే స్థిరమైన దారి, రాశారు; పై రౌటర్‌లో నాట్ (లోపలి ఐపీలను రౌటర్ ఐపీ వెనక దాచేది), ఫైర్‌వాల్ (అనుమానం వచ్చిన ప్యాకెట్లను ఆపే కాపలా) ఆపేశారు. ఒకసారి పనిచేస్తుంది, ఒకసారి పింగ్ (ఉన్నావా అని అడిగే చిన్న సందేశానికి జవాబు) వచ్చినా రికార్డర్ పేజీ తెరుచుకోదు, ఇంకోసారి పింగ్ కూడా రాదు. రెండూ ఆఫ్ చేసి ఆన్ చేస్తే మళ్లీ వస్తుంది.

హన్మకొండలో మాదీ దాదాపు ఇదే అమరిక కాబట్టి చెబుతున్నా. అన్నా, అసలు ఇవి రెండు వేర్వేరు జబ్బులు. ఒకే మందు వెతుకుతున్నారు కాబట్టే తెగడం లేదు.

మొదట పింగ్ కూడా రాని సంగతి. స్టాటిక్ రూట్‌కు కళ్లుండవు. 192.168.1.7 అని రాస్తే ఆ నంబర్‌కే పంపుతుంది, ఆ నంబర్ దగ్గర ఇప్పుడు ఎవరున్నారో చూడదు. ఆ 7 మీ రౌటర్ సొంతం కాదు, డీహెచ్‌సీపీ (పరికరాలకు ఐపీలు పంచే, కింది బాక్స్‌లోని ఏర్పాటు) నుంచి అద్దెకు తీసుకున్నది. మామూలు రోజుల్లో గడువు సగం కాగానే రౌటర్ మళ్లీ అడిగి అదే నంబర్ నిలబెట్టుకుంటుంది. చిక్కంతా కరెంటు పోయినప్పుడే. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలి దుమారం లేచిందంటే కరెంటు ఎన్నిసార్లు పోయి వస్తుందో మీకు తెలియంది కాదు. చాలా ఇంటి రౌటర్లు ఎవరికి ఏ ఐపీ ఇచ్చామన్న లెక్కను మెమరీలోనే ఉంచుకుంటాయి, ఆఫ్ అయితే అది పోతుంది. కరెంటు రాగానే పై రౌటర్ లేచేలోపు ఫోన్లు, టీవీ క్యూలో ముందుంటాయి. మా ఇంట్లో రూట్‌లో రాసి ఉన్న ఐపీ మా అక్క ఫోన్‌కు పోయింది. కెమెరాల కోసం వెళ్లాల్సిన ప్యాకెట్లన్నీ పాపం ఆ ఫోన్‌కు వెళ్తున్నాయి, అది ఇవి నావి కావని పడేస్తోంది. బయటినుంచి చూస్తే రూట్ టేబుల్‌లో అంతా సవ్యంగానే కనిపిస్తుంది. అందుకే టేబుల్ చూసి ఏమీ తేలదు.

తేల్చుకోవాలంటే ఈసారి పోయినప్పుడు రీస్టార్ట్ చేయకండి. కింది కంప్యూటర్ నుంచి 192.168.1.7కు పింగ్ కొట్టి, వెంటనే కమాండ్ ప్రాంప్ట్‌లో ఏఆర్‌పీ పట్టిక (ఏ ఐపీ ఏ పరికరం దగ్గర ఉందో చూపేది) చూడండి. అక్కడ 7 పక్కన కనిపించే మ్యాక్ అడ్రస్ (పరికరం గుర్తింపు నంబర్), పై రౌటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ (బయటి వైపు కనెక్షన్) కింద ఉన్న మ్యాక్ ఒకటేనా అని పోల్చండి. రౌటర్ అడుగున స్టిక్కర్ మీద ఉన్నది ల్యాన్ (లోపలి వైపు) మ్యాక్ కావచ్చు, చివరి అంకె తేడా ఉండొచ్చు, దాన్ని చూసి కంగారు పడకండి. పూర్తిగా వేరే మ్యాక్ వస్తే దొంగ దొరికినట్టే.

మందు సులువు. కింది బాక్స్‌లో డీహెచ్‌సీపీ పరిధిని 192.168.1.20 నుంచి మొదలయ్యేలా మార్చండి. పై రౌటర్ వ్యాన్‌లో స్టాటిక్ ఐపీ ఎంచుకుని 192.168.1.2, గేట్‌వే (బయటికి పోయే ద్వారం) 192.168.1.1 ఇవ్వండి, డీఎన్‌ఎస్ (సైట్ పేర్లను ఐపీలుగా మార్చే సర్వర్) అడ్రస్ కూడా మరవకండి. రూట్‌లో 7 తీసి 2 రాయండి. అడ్రస్ రిజర్వేషన్ (ఈ పరికరానికి ఎప్పుడూ ఇదే ఐపీ ఇవ్వమని బాక్స్‌లో రాయడం) పెట్టుకోవచ్చని చాలామంది చెబుతారు, అదీ పనిచేస్తుంది. కానీ కంపెనీవాళ్లు బాక్స్ మార్చిన రోజు ఆ రిజర్వేషన్ కూడా బాక్స్‌తోపాటే పోతుంది. పరిధి బయట స్టాటిక్ ఐపీయే నాకు నచ్చింది.

ఇక రెండోది, పింగ్ వచ్చి పేజీ రానిది. ఇది చిత్రమైనది, చాలామంది రికార్డర్‌ను అనుమానించి కొత్తది కొనేస్తారు. మీ నాన్న కంప్యూటర్ నుంచి ప్యాకెట్ ముందు కింది బాక్స్‌కు పోతుంది, అది పై రౌటర్‌కు పంపుతుంది, అక్కడి నుంచి రికార్డర్‌కు. తిరుగు ప్రయాణంలో మాత్రం పై రౌటర్‌కు మీ నాన్న కంప్యూటర్ తన పక్క నెట్‌వర్క్‌లోనే నేరుగా కనిపిస్తుంది కాబట్టి, బాక్స్ గడప తొక్కకుండా జవాబు నేరుగా ఇచ్చేస్తుంది. మేడారం జాతరకు ప్రైవేటు బండ్లు పస్రా మీదుగా పోయి, భూపాలపల్లి, పరకాల మీదుగా తిరిగొచ్చినట్టు. పస్రా దగ్గర నిలబడి లెక్క రాసుకునేవాడికి పోయిన బండ్లే తెలుస్తాయి, తిరిగొచ్చినవి తెలియవు. బాక్స్‌లోని ఫైర్‌వాల్ పరిస్థితీ అంతే. పేజీ తెరవడానికి వాడే టీసీపీ కనెక్షన్ అడగడం, జవాబు, ఒప్పుకోవడం అని మెట్లుగా మొదలవుతుంది; అందులో మొదటి అడుగు చూసింది, జవాబు చూడలేదు, మూడో ప్యాకెట్ రాగానే ఇదేదో తేడాగా ఉందని ఆపేస్తుంది. పింగ్‌కు ఇన్ని మెట్లు లేవు, ఒక్క ప్యాకెట్ పోయి ఒక్కటి వస్తుంది, అందుకే దాటిపోతుంది.

మరి ఒక్కోసారి పేజీ ఎలా తెరుచుకుంటోంది? బాక్స్ మధ్యలో మీ కంప్యూటర్‌కు ఐసీఎంపీ రీడైరెక్ట్ అనే చిన్న సందేశం పంపుతుంది, నా దాకా ఎందుకు, నేరుగా పై రౌటర్‌నే అడుగు అని. కంప్యూటర్ విన్నంతసేపు అంతా బాగుంటుంది. కాసేపటికి ఆ జ్ఞాపకం చెరిగిపోతుంది, కథ మళ్లీ మొదటికి. కొన్ని పరికరాలు ఈ సందేశాన్ని అసలే పట్టించుకోవు.

దీనికి రూట్‌ను ఆ కంప్యూటర్‌లోనే రాయాలి. విండోస్‌లో అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇంగ్లిష్ అక్షరాల్లో ఇలా కొట్టండి: రూట్ -పీ యాడ్ 192.168.2.0 మాస్క్ 255.255.255.0 192.168.1.2. ఆ -పీ లేకపోతే రీస్టార్ట్ కాగానే రూట్ మాయమవుతుంది, అది మూడో గొడవ. ఇక కంప్యూటర్ నేరుగా పై రౌటర్‌తోనే మాట్లాడుతుంది, ఫైర్‌వాల్ మధ్యలోకి రాదు.

ఫోన్‌లో కూడా కెమెరాలు చూడాలంటే ఇది కుదరదు, మామూలు ఫోన్‌లో రూట్ రాసే వీలుండదు. బాక్స్‌లో డీహెచ్‌సీపీ ఆప్షన్ 121 ఉంటే రూట్‌ను పరికరాలకు అక్కడినుంచే పంచవచ్చు, కానీ ఫైబర్‌తో వచ్చే బాక్సుల్లో అది కనిపించడం అరుదు.

నిజానికి నన్నడిగితే, పైన కిరాయిదారులు ఉండి వాళ్ల నెట్‌వర్క్ వేరుగా ఉంచాలంటే తప్ప మీకు ఈ రూట్లే అక్కర్లేదు. పై రౌటర్‌ను యాక్సెస్ పాయింట్‌గా, అంటే వేరే నెట్‌వర్క్ పెట్టకుండా కింది నెట్‌వర్క్‌నే పైన పంచేదిగా, మార్చేయండి. ఆ మోడ్ లేకపోతే ముందు దాని ల్యాన్ ఐపీని 192.168.1.2 చేసి, డీహెచ్‌సీపీ ఆపి, కింది నుంచి వచ్చిన కేబుల్‌ను వ్యాన్‌లో కాకుండా ల్యాన్ పోర్ట్‌లో పెట్టండి. రికార్డర్‌కు 192.168.1 సిరీస్‌లో, డీహెచ్‌సీపీ పరిధి బయట, 192.168.1.10 లాంటి ఐపీ ఇవ్వండి. దుకాణంలో కంప్యూటర్, నాన్న ఫోన్, పైన టీవీ అన్నీ ఒకే నెట్‌వర్క్‌లో ఉంటాయి. మార్చాక కింది బాక్స్‌లోని పాత స్టాటిక్ రూట్‌ను, కంప్యూటర్‌లో రాసి ఉంటే దాన్నీ తీసేయండి.