తడి కనబడ్డ చోట వెతక్కు అమ్మలూ

ఆటోనగర్, విజయవాడ.

అమ్మలూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి "పిల్ల కారులో కొర్రమేనులు పెంచుకోవచ్చు అన్నయ్యా" అని ఒకటే నవ్వు. నవ్వడం అయ్యాక అసలు సంగతి చెప్పాడు. మృగశిర కార్తె వానలు రెండు పడేసరికి డ్రైవరు పక్క సీటు ముందు మ్యాట్ ముద్దయిందట. గుంటూరులోనే ఎవరికో చూపిస్తే ముందు అద్దం చుట్టూ సిలికాన్ పూసి డబ్బులు తీసుకున్నాడట. మూడో వానకి మళ్లీ అదే మ్యాట్, అదే ముద్ద. ఇప్పుడు నువ్వే ఇంకో ట్యూబు కొనుక్కొచ్చి పూద్దామని చూస్తున్నావట. ఆ ట్యూబు మూత తియ్యకు. ఈ ఉత్తరం అందుకే రాస్తున్నా.

మన పాత పెంకుటిల్లు నీకు గుర్తుండదు, నువ్వు పుట్టేసరికే పడగొట్టేశాం. వానొస్తే వసారాలో మీ నాయనమ్మ మంచం పక్కన చుక్క పడేది. ఆవిడ అక్కడో ఇత్తడి గిన్నె పెట్టేది. మీ తాతయ్య నిచ్చెన వేసుకుని సరిగ్గా ఆ గిన్నె పైనున్న పెంకుల్ని ఏటా మార్చేవాడు, ఏటా చుక్క పడేది. చివరికి చూస్తే పగిలిన పెంకు ఎక్కడో కొప్పు దగ్గరుంది. నీళ్లు వాసం వెంట రెండు బారలు జారి, మేకు తగిలిన చోట ఆగి, అక్కడ చుక్కయ్యేవి. కారులోనూ అంతే. మ్యాట్ తడిసిన చోటుకీ నీళ్లు దూరిన చోటుకీ సంబంధం ఉండాలని ఎక్కడా లేదు. రేకు మడత వెంట, వైర్ల కట్ట వెంట పాకి, ఎక్కడ పల్లం దొరికితే అక్కడ దిగుతాయి.

ఇంకో మాట. వాననీళ్లు అసలు లోపలికి రాకుండా కారు కట్టినవాడు లేడు. తలుపుల్లోకి వస్తాయి, వైపర్ల కింద జాలీలోకి వస్తాయి, సన్‌రూఫ్ చుట్టూ ఉన్న కాలవలోకి వస్తాయి. అవి పోవడానికి కిందెక్కడో చిన్న చిన్న దారులు పెట్టారు. ఇన్నేళ్లలో నా చేతికొచ్చిన కారే కార్లలో చాలావాటికి రోగం కొత్తగా పడ్డ చిల్లు కాదు, పూడిపోయిన తూము. తూము పూడిన చెరువుకి గట్టు ఎత్తు పెంచితే ఏం లాభం?

ముందు ఒక అనుమానం తీర్చుకో. అది వాననీరేనా? మన కార్లలో ఏసీ పెట్టె ఉండేది ఆ ఎడమ పక్కనే, డ్యాష్‌బోర్డు కింద. ఏసీ నడిస్తే దానికి చెమట పడుతుంది. ఆ నీరు ఒక రబ్బరు గొట్టంలోంచి కారు కిందకి పోవాలి. కృష్ణ ఒడ్డు ఉక్కపోతలో ఏసీ వేసుకుని ఓ పావుగంట నిలబడితే కారు కింద చిన్న మడుగు కట్టాలి. మడుగు కట్టలేదంటే ఆ గొట్టం మూసుకుపోయిందని అనుమానించు, అప్పుడా నీళ్లు నీ కాళ్ల దగ్గరకే వస్తాయి. వాన లేని రోజు ఏసీ వేసుకుని విజయవాడ వచ్చినా మ్యాట్ తడిసిందా? అయితే ఇక్కడితో ఆగి ఆ గొట్టం శుభ్రం చేయించుకో, పది నిమిషాల పని. తడి జిగటగా ఉండి తియ్యటి వాసన వస్తుంటే మాత్రం అది నీళ్లు కాదు, కూలెంట్. హీటరు కారుతోందన్నమాట. అప్పుడు బండి నడపకుండా నాకు ఫోన్ చెయ్యి.

ఈ రెండూ కాకపోతే, నా అనుమానం నీ కారు మీద కాదు, మీ ఇంటి ముందున్న వేపచెట్టు మీద.

ఉగాదికి వేపపూత రాలుతుంది, ఎండల్లో పండుటాకులు రాలతాయి. అవన్నీ వైపర్ల కింద నల్ల ప్లాస్టిక్ జాలీలోకి చేరతాయి. బానెట్ ఎత్తి, జాలీ రెండు చివర్లా వేలు పెట్టి తడుము. నల్లగా, మెత్తగా, పేడలాంటి పదార్థం తగిలిందంటే పట్టేశావన్నమాటే. ఒకసారి ఒక కారులో ఆ ఎరువులో వేపగింజ మొలకెత్తి రెండాకులు వేసింది, నేను కళ్లారా చూశాను. అద్దం మీంచి జారే నీళ్లన్నీ ఆ జాలీ కింద తొట్టిలో పడి, రెండు పక్కలా ఉన్న కంతల్లోంచి నేలకి పోవాలి. కంతలు ఆకులతో పూడితే తొట్టి నిండుతుంది. ఏసీకి బయటి గాలి పీల్చే నోరు కూడా ఆ తొట్టిలోనే ఉంటుంది. నీటిమట్టం ఆ నోటి అంచు దాటగానే నీళ్లు బ్లోయర్ మీద పడి, నీ పక్క సీటు మ్యాట్ మీదకి దిగుతాయి.

దీన్ని రూఢి చేసుకోవడానికి నేను చేసే పని ఒకటుంది. గ్లోవ్ బాక్స్ విప్పితే వెనక ఏసీ ఫిల్టర్ ఉంటుంది, చాలా కార్లలో చేత్తోనే ఊడొస్తుంది. బయటికి తీసి చూడు. కాగితం మడతలు అలలు అలలుగా వంకర్లు పోయి, నీటి మరకలుండి, ఆకు ముక్కలు అంటుకున్నాయా? ఇంక వేరే సాక్ష్యం అక్కర్లేదు. పొడిగా, ఉత్త దుమ్ముతో ఉంటే నీళ్లు వేరే దారిన వస్తున్నాయి.

పూడిక చేత్తో తియ్యి. నీళ్ల పైపు పెట్టి లోపలికి తొయ్యకు, ఇంకా లోతుగా బిరడా కొడుతుంది. తీశాక ఒక చెంబుడు నీళ్లు నెమ్మదిగా పొయ్యి. ముందు చక్రాల వెనక నుంచి ధారగా కారాలి. కొన్నింట్లో ఆ కంతకి చివర రబ్బరు మూతి ఉంటుంది, పెదాలు అతుక్కుని ఉంటాయి. వేళ్లతో నలిపితే భళ్లున బురద కక్కుతుంది.

అది కూడా కాదని తేలితే పైపు పరీక్షే గతి. దీనికి ఇద్దరు కావాలి. అల్లుడుగారిని టార్చిలైటు ఇచ్చి లోపల కూర్చోబెట్టు, వారి పొట్ట కొంచెం అడ్డమే అనుకో, అయినా డ్యాష్‌బోర్డు కిందకి తలపెట్టి చూడాల్సిందే. ముందు మ్యాట్లు తీసి, లోపలంతా పొడిగుడ్డతో తుడిచి, నేల మీద పాత న్యూస్‌పేపర్లు పరువు. పేపరు మీద ఒక్క చుక్క పడ్డా కనబడిపోతుంది. పైపుకి నాజిల్ పెట్టొద్దు, వేలు అడ్డం పెట్టి చిమ్మొద్దు. వానలా మెల్లగా పారాలి. వాటర్ సర్వీసింగు దగ్గర గన్ను పెట్టి కొడితే బాగున్న కారులోకి కూడా నీళ్లు దూరతాయి, అది పరీక్ష కాదు.

కింది నుంచి పైకి వెళ్లు. ఇదే అందరూ తప్పే చోటు. టాపు మీద ముందే పోసేస్తే నీళ్లు అన్నిచోట్లా పారి, ఏ సందులోంచి వచ్చిందో బ్రహ్మకి కూడా తెలియదు. తలుపు అడుగున ఐదు నిమిషాలు పట్టు, తర్వాత తలుపు అద్దం దగ్గర, తర్వాత ముందు అద్దం కింది అంచు, పక్క అంచులు, చిట్టచివర టాపు. లోపలి నుంచి "వచ్చింది" అని కేక వినబడగానే ఆపు. ఆ క్షణాన పైపు పట్టి ఉన్న చోటే అసలు చోటు.

తలుపుల సంగతి వచ్చింది కాబట్టి నా సిగ్గుమాలిన కథ ఒకటి చెప్పాలి. ముప్పై ఏళ్ల కిందట, చెయ్యి తిరిగిందని నాకు పొగరు పట్టిన రోజులు. ఒక లెక్చరర్ గారి కారులో వెనక సీటు కింద తడి. తలుపు చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ మార్చి పంపాను. మళ్లీ వచ్చారు. టాపు కాలవలో సీలెంట్ పూసి పంపాను. మూడోసారి ఆయన కారు దిగి, నీలం సిరా కారిపోయిన పరీక్ష పేపర్ల కట్ట నా బల్ల మీద పెట్టి, ఒక్క మాట అనకుండా నిలబడ్డారు. అప్పుడు గానీ నాకు బుద్ధి రాలేదు. తలుపు లోపలి వైపు అట్ట, అదే డోర్ ప్యాడ్, విప్పాను. లోపల తలుపు రేకుకి ఒక ప్లాస్టిక్ షీటు అతికించి ఉంటుంది. అద్దం సందులోంచి తలుపులోకి దిగే నీళ్లని లోపలికి రానివ్వకుండా కిందకి పంపేది అదే. దాన్ని ఎవరో బ్లేడుతో గుండ్రంగా కోసి స్పీకరు బిగించారు. రెండు నెలల కిందట ఆ స్పీకరు బిగించింది నేనే.

కాబట్టి పవర్ విండో పని గానీ, స్పీకర్ల పని గానీ చేయించిన తర్వాత తడి మొదలైతే నేరుగా ఆ షీటు చూడమను. చిరిగితే కొత్త షీటు వేసి, చుట్టూ జిగురు బంక లాంటి బ్యూటైల్ టేపుతో అతికించాలి. మామూలు ప్లాస్టరు నాలుగు రోజులు నిలవదు. తలుపు అడుగు అంచున కంతలుంటాయి, వాటిలో జడపిన్ను పెట్టి బురద తియ్యి. తలుపు ఊపితే లోపల గలగలమని నీళ్ల చప్పుడు వస్తే అవి మూసుకున్నట్టే. తుప్పు పట్టకుండా కింద నల్ల కోటింగు కొట్టించినప్పుడు వాటిని పూడ్చేసే మహానుభావులు కూడా ఉన్నారు.

బీడింగ్‌కి కాగితం పరీక్ష చాలు. తలుపు సందులో కాగితం ముక్క పెట్టి మూసి లాగు. బిగువుగా రావాలి, జారిపోతే అక్కడ రబ్బరు చచ్చింది. రబ్బరు మెత్తబడాలని పెట్రోలు, ఇంజనాయిలు రాయకు, ఉబ్బి పాడవుతుంది. సిలికాన్ గ్రీజు సన్నగా రాస్తే చాలు.

డిక్కీలో స్టెప్నీ గుంతలో నీళ్లుంటే టెయిల్ ల్యాంపు వెనక రబ్బరు, డిక్కీ బీడింగ్, టాపు మీద యాంటెన్నా అడుగు, ఈ మూడూ చూడు. నీ కారుకి సన్‌రూఫ్ లేదు, బతికిపోయావు. అల్లుడుగారు కొత్త బండికి సన్‌రూఫ్ కావాలంటున్నారట కదా, ఒక సంగతి చెప్పు: దాని నాలుగు మూలల నుంచి సన్నటి గొట్టాలు స్తంభాల్లోంచి కిందకి దిగుతాయి. అవి పూడితే నెత్తి మీదే కారుతుంది. వాటిని కంప్రెసరు గాలితో కొట్టనివ్వొద్దు, లోపల గొట్టం జాయింటు ఊడితే టాపు గుడ్డ అంతా దించాలి. మెత్తటి నైలాన్ తీగ చాలు.

ఇక ఇప్పటికే పూసిన సిలికాన్. పీకి చూడమను. వెనిగర్ వాసన కొట్టే రకమైతే రంగు లేచిన చోట రేకుని తుప్పు పట్టిస్తుంది. పైగా నిజంగానే అద్దం దగ్గర లీకుంటే పైన పూత పనికిరాదు, అద్దం దించి పాలీయురిథేన్ సీలెంట్‌తో మళ్లీ కూర్చోబెట్టాల్సిందే. అది ఇంట్లో చేసే పని కాదు.

లీకు ఆగిందని సంబరపడి మ్యాట్ ఎండేసి ఊరుకోకు. కార్పెట్ కింద బొద్దుగా ఫోమ్ ఉంటుంది. పైన చెయ్యి పెడితే పొడిగానే ఉంటుంది, గట్టిగా నొక్కితే వేళ్ల సందుల్లోంచి నీళ్లు ఉబుకుతాయి. ఆ ముక్కిపోయిన వాసన అక్కడిదే. దాని కిందే వైర్ల కట్టలు పోతాయి, కనెక్టర్లలో పచ్చటి తుప్పు పట్టిందంటే తర్వాత ఏ లైటు ఎందుకు వెలుగుతుందో ఎవడికీ అంతుబట్టదు. సీట్లు దించి కార్పెట్ ఎత్తి ఆరబెట్టాలి. సీటు కింద పసుపు రంగు కనెక్టరు కనిపిస్తే నువ్వు ముట్టుకోకు, అది ఎయిర్ బ్యాగు వైరు. బ్యాటరీ తీసి కాసేపు ఆగి చేయాల్సిన పని.

చెప్పడం మరిచాను. నువ్వు దీన్ని సెకండ్ హ్యాండ్‌లో కొన్నావు కదా. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఎన్ని కార్లు మునిగాయో మేం చూశాం. కడిగి, సెంటు కొట్టి అమ్మిన బండ్లు ఇంకా తిరుగుతున్నాయి. వెనక సీటు బెల్టుని మొత్తం బయటికి లాగు. చివరి మూరలో మట్టి గీత కనిపించినా, సీటు పట్టాల బోల్టులు ఎర్రగా తుప్పు పట్టి ఉన్నా నాకు చెప్పు. అప్పుడు మనం మాట్లాడుకోవాల్సింది లీకు గురించి కాదు.

ముందు ఫిల్టరు తీసి ఫోటో పంపు. ఆదివారం వీలుంటే ఇద్దరూ వచ్చెయ్యండి, వారధి దాటాక ఫోన్ చెయ్యి, షెడ్డు తాళం తీయిస్తా. పాత పేపర్లు నువ్వు తెచ్చుకో, మీ పెద్దమ్మ మొన్ననే తూకానికి వేసేసింది.

మీ పెద్దనాన్న