కడుపుతో ఉండగా చిన్నపిల్లల పెంపకం: ఒంట్లో ఓపిక నిలవాలంటే?

ప్రశ్న: నా వయసు 31 ఏళ్లు. నాలుగేళ్ల పాప, ఏడాదిన్నర బాబు ఉన్నారు. ఇప్పుడు మళ్లీ ఐదో నెల. బాబు ఇంకా రాత్రిళ్లు రెండు మూడుసార్లు లేచి పాలు తాగుతాడు. పొద్దున లేచేసరికే ఒళ్లంతా బరువుగా ఉంటోంది. సాయంత్రానికి నిలబడే ఓపిక కూడా ఉండటం లేదు. చిన్న విషయానికే పిల్లల మీద అరిచి, తర్వాత ఏడుస్తున్నాను. నెల క్రితం పరీక్షలో హిమోగ్లోబిన్ 10.2 వచ్చింది. ఐరన్ మాత్రలు ఇచ్చారు కానీ వికారం, మలబద్ధకం భరించలేక మానేశాను. మొదటి కాన్పుకు ఇంత నీరసం లేదు. ఇదంతా మామూలేనా? ఓపిక రావడానికి టానిక్ గానీ, ఎనర్జీ డ్రింక్ గానీ తీసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు

సమాధానం: మీరు రాసినదాన్ని బట్టి చూస్తే గర్భంతో సహజంగా వచ్చే అలసట కొంత, చికిత్స చేయవలసిన లోపం కొంత, ఒక్క మనిషి మోయగలిగినదాని కన్నా ఎక్కువ పని కొంత, మూడూ కలిసి మిమ్మల్ని కుంగదీస్తున్నాయి. వీటన్నిటినీ కలిపి ‘కడుపుతో ఉన్నప్పుడు నీరసం మామూలే’ అని ఒక్క మాటతో తేల్చేస్తే లోపానికి మందు పడదు, పని భారం ఎవరి కంటికీ కనిపించదు. టానిక్ సంగతి ముందే చెబుతాను. మీకు కావలసిన మందు మీరు మానేసిన ఐరనే. దాన్ని మీ ఒంటికి పడే తీరులో మళ్లీ మొదలుపెట్టాలి. ఎనర్జీ డ్రింకుల జోలికి మాత్రం వెళ్లవద్దు.

గర్భం నిలిచిన తొలి వారాల నుంచే ప్రొజెస్టరాన్ అనే హార్మోన్ బాగా పెరిగి మగతను, బద్ధకాన్ని తెస్తుంది. రక్త పరిమాణం నెలనెలా పెరుగుతూ, చివరి నెలలకు మామూలు కన్నా దాదాపు 40 నుంచి 50 శాతం ఎక్కువవుతుంది. గుండె నిమిషానికి పంపే రక్తం కూడా 30 నుంచి 50 శాతం పెరుగుతుంది. అంటే మీరు ఏ పనీ చేయకుండా కూర్చున్నా లోపల గుండె, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు అదనపు పని చేస్తూనే ఉంటాయి. అయితే చాలామందికి నాలుగో నెల దాటాక కొంత తెరిపి వచ్చి, చివరి మూడు నెలల్లో మళ్లీ అలసట మొదలవుతుంది. మీకు ఐదో నెలలోనూ నీరసం తగ్గకపోగా పెరుగుతోంది కాబట్టి దీన్ని గర్భం ఖాతాలో వేసి ఊరుకోకూడదు. మొదటి కాన్పుతో పోల్చుకుని బాధపడనవసరం లేదు. అప్పుడు అలసట అనిపించగానే పడుకునే వీలుండేది, శరీరంలో నిల్వలు కూడా నిండుగా ఉండి ఉంటాయి.

ఆ నిల్వల విషయమే ఇక్కడ ముఖ్యం. ఒక గర్భం మొదలైనప్పటి నుంచి కాన్పు అయ్యేవరకు తల్లి శరీరానికి మొత్తంమీద సుమారు 1,000 మిల్లీగ్రాముల ఐరన్ అదనంగా కావాలి. కాన్పు సమయంలో పోయే రక్తంతో మరికొంత ఖర్చవుతుంది. కాన్పు తర్వాత మళ్లీ గర్భం కోసం ప్రయత్నించే ముందు కనీసం 24 నెలలు ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించడానికి, నిల్వలు తిరిగి నిండేందుకు శరీరానికి వ్యవధి ఇవ్వాలన్నది ఒక కారణం. మిమ్మల్ని తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. మీ నీరసానికి బలమైన కారణం ఉందని, అది మీ బద్ధకమో గారాబమో కాదని మీకూ మీ ఇంట్లోవారికీ తెలియాలనే చెబుతున్నాను. గర్భంలో రక్తంలోని ద్రవభాగం ఎర్రకణాల కన్నా వేగంగా పెరుగుతుంది కాబట్టి మధ్య మూడు నెలల్లో హిమోగ్లోబిన్ కొంత తగ్గడం సహజం. అందుకే రక్తహీనతగా లెక్కించే హద్దును మొదటి, చివరి మూడు నెలల్లో 11 గ్రాములుగా, మధ్య మూడు నెలల్లో 10.5 గ్రాములుగా నిర్ణయించారు. మీ 10.2 ఆ హద్దుకు కాస్త కిందే ఉంది. లోపం స్వల్పమే అయినా మాత్రలు మానేశారు కాబట్టి ఈపాటికి ఇంకా తగ్గి ఉండవచ్చు.

మాత్రలు పడకపోవడం మీ ఒక్కరి సమస్య కాదు. నా దగ్గరికి వచ్చే గర్భిణుల్లో చాలామంది ఇదే కారణంతో, డాక్టరుకు చెప్పకుండా మానేస్తారు. చెబితే మార్గాలున్నాయి. ఐరన్‌లో రకాలున్నాయి, మోతాదులున్నాయి. ఒక రకం పడకపోతే మరో రకానికి మార్చవచ్చు, మోతాదు తగ్గించవచ్చు, కొందరికి రోజూ కాకుండా రోజు విడిచి రోజు ఇవ్వవచ్చు. ఐరన్ ఎక్కువ మోతాదులో పడినప్పుడు శరీరం హెప్సిడిన్ అనే హార్మోన్‌ను విడుదల చేసి ఆ తర్వాతి మోతాదును సరిగా పీల్చుకోనివ్వదు. అందువల్ల మోతాదుల మధ్య వ్యవధి పెంచితే కడుపులో ఇబ్బంది తగ్గుతుంది, మందు వృథా కావడమూ తగ్గుతుంది. అయితే ఈ మార్పు సొంతంగా కాకుండా మీ రిపోర్టు చూసిన డాక్టరు సలహాతోనే చేయాలి. మాత్రను ఖాళీ కడుపుతో, విటమిన్ సి ఉన్న పుల్లని పండుతోనో రసంతోనో వేసుకుంటే బాగా ఒంటబడుతుంది. వికారం ఎక్కువగా ఉంటే రాత్రి పడుకునే ముందు వేసుకోండి. అదీ కుదరకపోతే కొద్దిగా తిన్నాక వేసుకున్నా ఫరవాలేదు, అసలు మానేయడం కన్నా అదే నయం. టీ, కాఫీ, పాలు, కాల్షియం మాత్రలు మాత్రం ఐరన్‌కు కనీసం గంట, రెండు గంటల ఎడంగా ఉండాలి. విరేచనం నల్లగా రావడం మందు ప్రభావమే, భయపడవద్దు. మలబద్ధకానికి నీళ్లు, పీచు ఉన్న ఆహారం చాలకపోతే గర్భంలో వాడదగిన మందులున్నాయి, అడగడానికి మొహమాటపడవద్దు.

మందు సరిగా పనిచేస్తుంటే రెండు నుంచి నాలుగు వారాల్లో హిమోగ్లోబిన్ పెరుగుదల కనిపిస్తుంది. కనిపించకపోయినా, మాత్రలు ఏ రకంగానూ పడకపోయినా సెలైన్ ద్వారా ఐరన్ ఎక్కించవచ్చు. మూడు నెలలు దాటిన గర్భిణులకు వైద్యుల పర్యవేక్షణలో దీన్ని ఇస్తారు. హిమోగ్లోబిన్ మామూలు స్థాయికి వచ్చిందని అక్కడితో ఆపకూడదు. నిల్వలు నిండడానికి మరో మూడు నెలలు, కాన్పు తర్వాత కూడా కనీసం ఆరు వారాలు కొనసాగించాలి. ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారు కాబట్టి ఒక హెచ్చరిక. ఐరన్ మాత్రలు పిల్లల కంటికి మిఠాయిల్లా కనిపిస్తాయి. కొన్ని మింగినా ప్రాణాపాయం కలిగించగల మందు అది. దిండు కింద, టేబుల్ మీద, చేతి సంచిలో ఉంచకుండా, పిల్లలకు అందని ఎత్తులో మూత బిగించి పెట్టండి.

రక్తపరీక్ష మళ్లీ చేయించేటప్పుడు హిమోగ్లోబిన్‌తో పాటు ఐరన్ నిల్వలను తెలిపే ఫెరిటిన్, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, మాంసాహారం తీసుకోనివారైతే విటమిన్ బి12 కూడా చూడమని అడగండి. థైరాయిడ్ మందగించినా, బి12 తక్కువైనా ఇదే రకమైన నీరసం వస్తుంది, వాటికి ఐరన్‌తో ఫలితం ఉండదు. 24 నుంచి 28 వారాల మధ్య చేసే గ్లూకోజ్ పరీక్షను వాయిదా వేయవద్దు. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా ఒళ్లు నలతగా ఉంటుంది కాబట్టి ఆ పరీక్ష కూడా చేయించుకోండి.

ఆహారం విషయంలో ‘ఇద్దరి కోసం తినాలి’ అనే మాట కన్నా ‘వేళకు తినాలి’ అనే మాట మీకు ఎక్కువ అవసరం. మధ్య మూడు నెలల్లో రోజుకు అదనంగా కావలసింది సుమారు 340 క్యాలరీలు, చివరి మూడు నెలల్లో సుమారు 450. మీరు పాలు కూడా ఇస్తున్నారు కాబట్టి మరికొంత కావాలి. చిన్నపిల్లల తల్లులు రోజంతా వాళ్లకు తినిపించి, తాము నిలబడే రెండు ముద్దలు మింగి, మధ్యాహ్నం దాటాక ఒకేసారి ఆకలితో తినడం చూస్తుంటాను. ఈ పద్ధతిలో పూటపూటకూ శక్తి పడిపోతుంది. పిల్లలకు పెట్టేటప్పుడే మీ కంచం కూడా పెట్టుకుని కూర్చోండి. ప్రతి పూటా పప్పుధాన్యాలు, గుడ్డు, పాలు, పెరుగు, చేప, మాంసం వంటి మాంసకృత్తుల్లో ఏదో ఒకటి ఉండాలి. ఉత్త పిండిపదార్థాలతో వచ్చిన శక్తి ఎక్కువసేపు నిలవదు. పిల్లలు వదిలేసిన ఎంగిలి తినే అలవాటు ఉంటే గర్భంతో ఉన్నన్నాళ్లు మానుకోండి. చిన్నపిల్లల ఉమ్మిలో, మూత్రంలో సైటోమెగలోవైరస్ అనే వైరస్ ఉండవచ్చు. గర్భిణికి సోకితే కడుపులోని బిడ్డ వినికిడి, ఎదుగుదల దెబ్బతినే ప్రమాదముంది. డైపర్ మార్చాక, ముక్కు తుడిచాక సబ్బుతో చేతులు కడుక్కోవడం, పిల్లల చెంచా, గ్లాసు వాడకపోవడం చాలావరకు కాపాడతాయి. ఇక కెఫీన్ అన్నివిధాలా కలిపి రోజుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు. రెండు పెద్ద కప్పుల ఇన్‌స్టంట్ కాఫీతోనే దాదాపు అంత అవుతుంది. ఎనర్జీ డ్రింకులు వద్దన్నది ఇందుకే. వాటిలో కెఫీన్‌తో పాటు గర్భంలో భద్రత తేలని ఇతర పదార్థాలు కూడా ఉంటాయి, కాసేపు ఉత్సాహమిచ్చి రాత్రి నిద్రను చెడగొడతాయి.

ఎంత మంచి ఆహారమైనా, ఎంత ఐరన్ అయినా ముక్కలైన నిద్రకు బదులు కాలేవు. ఆరోగ్యంగా సాగుతున్న గర్భంలో పెద్దబిడ్డకు పాలివ్వడం వల్ల హాని లేదు. అయితే రక్తస్రావం ఉన్నా, గతంలో నెలలు నిండకుండా కాన్పు అయినా ముందుగా మీ డాక్టరును అడగాలి. మీ సమస్య పాలు ఇవ్వడం కాదు, రాత్రిపూట ఇవ్వడం. ఏడాదిన్నర బాబు పగలు సరిగా తింటూ ఉంటే రాత్రి పాలు అతనికి ఆకలి కోసం కాదు, అలవాటు కోసం. పడుకునే ముందు కడుపునిండా తినిపించి, రాత్రి లేచినప్పుడు మీరు కాకుండా తండ్రో మరో పెద్దవారో ఎత్తుకుని, నీళ్లు తాగించి, జోకొట్టి పడుకోబెట్టడం మొదలుపెట్టండి. కొన్ని రాత్రులు ఏడుపు ఉంటుంది. ఒక్కసారిగా కాకుండా ఒక్కో పూట తగ్గిస్తూ పోతే రెండు మూడు వారాల్లో చాలామంది పిల్లలు అలవాటుపడతారు. గర్భంలో పాలు ఎలాగూ తగ్గుతాయి, రుచి కూడా మారుతుంది కాబట్టి కొందరు పిల్లలు తామే మానేస్తారు. పడుకున్నాక కాళ్లు లాగుతూ, కదపకుండా ఉండలేనట్టు అనిపిస్తుంటే డాక్టరుకు చెప్పండి, ఐరన్ లోపంలో అది తరచుగా కనిపించే లక్షణం. ఏడో నెల దాటాక ఒకవైపు తిరిగి పడుకోవడం మంచిది.

‘పిల్లలు పడుకున్నప్పుడు నువ్వూ పడుకో’ అనే సలహా ఒక బిడ్డ ఉన్నప్పుడు పనికొస్తుందేమో గానీ, నాలుగేళ్ల పాపకూ ఏడాదిన్నర బాబుకూ నిద్రవేళలు కలవవు. అందుకే ఈ మాట మీ భర్తకు, ఇంట్లో పెద్దలకు చెబుతున్నాను. పగలు ఒక గంటసేపు, రాత్రి కనీసం ఆరేడు గంటలు ఆమెను ఎవరూ లేపకుండా చూడటం మీరు చేసే సాయం కాదు, నేను రాసే చికిత్సలో భాగం. ‘ఏమైనా కావాలంటే అడుగు’ అంటే సరిపోదు, ఏం చేయాలో గుర్తుంచుకుని చెప్పే భారం మళ్లీ ఆమెదే అవుతుంది. పిల్లల స్నానం, రాత్రి భోజనం, పాపను బడికి దింపడం వంటి పనుల్లో కొన్నింటిని పూర్తిగా మరొకరు తీసుకోవాలి. సాయం చేసేవారు ఎవరూ లేకపోతే పనినే తగ్గించుకోవాలి. ఇల్లు సర్దుకోకపోయినా నష్టం లేదు. బాబును ఎత్తుకోవడం వల్ల గర్భానికి మామూలుగా ప్రమాదం లేదు గానీ, కీళ్లు వదులై ఉంటాయి కాబట్టి నడుము వంచకుండా మోకాళ్లు వంచి, బాబును ఒంటికి దగ్గరగా పట్టుకుని లేవండి. మాయ కిందికి ఉన్నవారు, రక్తస్రావం అయినవారు ఎత్తకూడదు. రోజూ కాసేపు నడిస్తే నీరసం పెరగదు, తగ్గుతుంది, కానీ నిద్రను మిగిల్చుకున్న తర్వాతే నడక గురించి ఆలోచించండి.

పిల్లల మీద అరిచి ఏడుస్తున్నానని రాశారు. నిద్రలేమి, రక్తహీనత ఉన్న ఎవరికైనా సహనం తగ్గుతుంది, దాన్నిబట్టి మీరు చెడ్డ తల్లి అని తీర్మానించుకోవద్దు. అయితే రెండు వారాలకు పైగా దాదాపు రోజంతా దిగులుగా ఉన్నా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా, పిల్లలు పడుకున్నా మీకు నిద్ర పట్టకపోయినా అది గర్భంలో వచ్చే డిప్రెషన్ కావచ్చు. దానికి కౌన్సెలింగ్ ఉంది, అవసరమైతే గర్భంలో వాడదగిన మందులూ ఉన్నాయి. చనిపోవాలని గానీ, పిల్లలకు హాని చేయాలని గానీ ఆలోచన వస్తే ఒంటరిగా ఉండకుండా వెంటనే దగ్గరివారికి చెప్పి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

కూర్చున్నా ఆయాసం రావడం, గుండె దడ, ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం వాయడం, రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం, జ్వరం, బిడ్డ కదలికలు తెలిశాక అవి తగ్గడం వంటివి నీరసంతో కలిసి కనిపిస్తే తర్వాతి చెకప్ వరకు ఆగకూడదు. ఇవేవీ లేకపోయినా ఈ వారంలోనే పాత రిపోర్టులు, మీరు మానేసిన మాత్రల పట్టీ తీసుకుని మీ గైనకాలజిస్టును కలవండి. ఏ రకం మాత్ర, ఎంత మోతాదు మీకు పడలేదో ఆ పట్టీ చూస్తేనే దానికి బదులు ఏది రాయాలో వారు నిర్ణయించగలరు.