పిల్లల పెయింట్‌బాల్ పార్టీ: బిల్లు ఎక్కడ పెరుగుతుంది?

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కో వచ్చి ఏడాది కాలేదు. మా బాబుకి వచ్చే నెలలో తొమ్మిదేళ్లు నిండుతాయి. క్లాసులో ఎవరో ‘లో ఇంపాక్ట్’ పెయింట్‌బాల్ పార్టీ ఇచ్చారట, రంగు నింపిన చిన్న బాల్స్‌ని గన్నుతో ఒకరి మీద ఒకరు కాల్చుకునే ఆట. తనకీ అదే కావాలని ఒకటే గొడవ. దెబ్బలు తగులుతాయేమోనని మా అత్తగారి టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మీ అత్తగారికి ధైర్యం చెప్పండమ్మా. పెద్దవాళ్లు ఆడే బాల్ 0.68 అంగుళాలది, బరువు మూడు గ్రాముల దాకా ఉంటుంది. ‘లో ఇంపాక్ట్’ అని పిల్లలకిచ్చేది 0.50 అంగుళాలది. దాంట్లో సగం బరువు కూడా ఉండదు, వచ్చే వేగమూ తక్కువే. తగిలితే చురుక్కుమంటుంది, ఒక్కోసారి ఎర్రగా కందుతుంది. ఆడే చోట ఉన్నంతసేపూ మొహానికి మాస్కు తీయకూడదు, కళ్ల విషయం కాబట్టి ఇందులో మాత్రం రాజీ లేదు. వయసు నిబంధన ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది, వాళ్ల వెబ్‌సైట్‌లో చూసుకోండి.

మీరు అడగని సంగతి డబ్బు. కొత్తగా వచ్చినవాళ్లెవరూ అడగరు, అప్పట్లో నేనూ అడగలేదు.

మా పెద్దాడి పార్టీకి ప్యాకేజీ పదిమందికి అన్నారు, లెక్కగా పదిమంది పిల్లల్నే పిలిచాను. మనవాళ్ల సంగతి తెలిసిందే కదా, పిల్లాణ్ణి పిలిస్తే ఇంటిల్లిపాదీ వస్తారు. తమ్ముళ్లు, చెల్లెళ్లు, ఇండియా నుంచి వచ్చిన తాతగారు. చిన్నవాళ్లను పక్కన కూర్చోబెడితే ఏడుపులు. సరేనని వాళ్లకీ గన్ను, మాస్కు అద్దె విడిగా కట్టాను.

అసలు దెబ్బ బాల్స్ దగ్గర పడింది. ఆ గన్నులు గాలి సిలిండర్‌తో నడిచేవి, ట్రిగ్గర్ నొక్కడమే ఆలస్యం. మావాడు సీమటపాకాయల సరం అంటించినట్టు మొదటి ఆటలోనే అన్నీ ఖాళీ చేసి, ‘నాన్నా, ఇంకా’ అంటూ వచ్చి నిలబడ్డాడు. వాడికిచ్చి వచ్చిన పిల్లలకి ఇవ్వకపోతే ఏం బాగుంటుంది? కౌంటర్‌కి వెళ్లడం, కార్డు గీకడం, బాల్స్ సంచీ తేవడం, మళ్లీ వెళ్లడం. బయట కొన్న బాల్స్ లోపలికి రానివ్వలేదు. ఆ రాత్రి మా ఆవిడ బిల్లుని రూపాయల్లోకి మార్చి చూసింది. తర్వాత జరిగింది ఇక్కడ రాయలేను.

అందుకే చెబుతున్నా, స్ప్రింగుతో పనిచేసే పంప్ గన్నులున్న చోటు వెతకండి. జేటీ స్ప్లాట్‌మాస్టర్ లాంటివి. ప్రతి బాల్‌కీ ఒకసారి పంప్ లాగాలి, కాబట్టి పిల్లలు గురి చూసి కాలుస్తారు, సంచీ ఎక్కువసేపు వస్తుంది. మరీ చిన్న చేతులకి లాగడం కష్టం, మీవాడికి ఫరవాలేదు. మా చిన్నదానికి ఇలాగే చేశాను, సగం ఖర్చులో తేలిపోయింది. ఇప్పుడు మా కమ్యూనిటీలో ఎవరి పార్టీ అయినా ఫోన్ నాకే వస్తుంది.

ఇంకో చిట్కా. 1981లో న్యూ హాంప్‌షైర్‌లోని హెన్నికర్ అడవిలో 12 మంది, చెట్లకూ పశువులకూ గుర్తులు పెట్టే గన్నులతో ఈ ఆట మొదటిసారి ఆడారు. గెలిచినాయన ఒక్క షాట్ కూడా కాల్చకుండా, ఆటలో తేవాల్సిన జెండాలన్నీ తెచ్చేశాడు. ఆట మొదలయ్యేముందు పిల్లలకి ఈ కథ చెప్పండి. బాల్స్ ఎంత మిగులుతాయో మీరే చూస్తారు.

వేవర్ ఫారం, అంటే దెబ్బ తగిలితే వాళ్లని తప్పుపట్టమని ఒప్పుకునే కాగితం, ఎవరి బిడ్డకి వాళ్లే సంతకం పెట్టాలి, లింకు ముందే పంపండి. ఒకాయన పిల్లాణ్ణి దింపేసి పటేల్ బ్రదర్స్ ఇండియన్ సరుకుల షాపుకి వెళ్లిపోయాడు, ఆయన కోసం మిగతావాళ్లంతా కూర్చున్నారు. మన స్లాట్ మాత్రం కరిగిపోతూనే ఉంది. పాత ఫుల్‌హ్యాండ్స్ హుడీ తెచ్చుకోమనండి, లేకపోతే బట్టల మీద తొడుక్కునే కవరాల్ అద్దె ఇంకొకటి. రంగు నీళ్లకి పోతుంది గానీ పుట్టినరోజు కుర్తా మీద ప్రయోగాలు వద్దు. బాల్ పైపొర జెలటిన్, జంతువుల నుంచి తీసేదే. పగిలినప్పుడు నోట్లో పడితే విషం కాదు, అయినా శాకాహారుల ఇళ్లకి ముందే చెప్పడం మర్యాద.

డిపాజిట్ చాలాచోట్ల తిరిగి ఇవ్వరు. అది కట్టేముందే పదకొండో పిల్లాడికి ఎంత, అదనపు సంచీ ఎంత, టాక్సు, టిప్పు కలిపారా లేదా, కేకు బయటి నుంచి తేవచ్చా అని ఈమెయిల్‌లో అడగండి. ఫోన్‌లో చెప్పిన మాట కౌంటర్ దగ్గర ఎవరికీ గుర్తుండదు.